‘మూడో సైరన్’లో ఆఖరి పాట

సిరిసిల్ల,
ఆదివారం పొద్దున

బంగారు బిడ్డ కావ్యకు,

నిన్ను కన్న నీ అవ్వ నిండు మనసుతో దీవించి రాస్తున్న ఉత్తరం. నేను, నీ బాపు, నీ నాయనమ్మ ముగ్గురం ఇక్కడ మంచిగానే ఉన్నాం. అంత దూరాన, ఆ షిల్లాంగు చలిలో నువ్వు కూడా మంచిగా ఉంటే మాకు అంతకన్నా కావలసింది లేదు.

నీ ఉత్తరం అందింది. బాపు భుజం నొప్పి గురించి అడిగావు. కొంచెం తగ్గింది. డాక్టరు కొన్నాళ్లు సాంచాల దగ్గర నిలబడొద్దన్నాడు కానీ, నీ బాపు వినే మనిషా? షెడ్డులో ఆ కరెంటు మగ్గాలు నడుస్తూ, బట్ట దిగుతూ ఉంటేనే ఆయన ఊపిరి సరిగా ఆడుతుంది. నువ్వు పంపిన ఊలు శాలువాను నాయనమ్మ ఈ ఎండలో కూడా కప్పుకుని వాడ వాడంతా తిరిగి వచ్చింది. ‘నా మనుమరాలు మబ్బులల్ల ఉంటది, అక్కడికెళ్లి పంపింది’ అని అందరికీ చెప్పింది. చెమటలు పట్టినా తీయలేదు. నేను పంపిన సర్వపిండి దారిలో మెత్తబడిందని రాశావు. ఈసారి సకినాలు పంపుతాను, అవి మెత్తబడవు.

ఫోన్లో నేను ‘తిన్నవా, పన్నవా’ తప్ప మాట్లాడననీ, ఉత్తరంలో మాత్రమే నీకు అవ్వ దొరుకుతుందనీ రాశావు. నిజమే. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంటే నాకు మాటలు తోచవు. అందుకే ఈసారి కొంచెం పెద్ద ఉత్తరం రాస్తున్నాను. ఓపికగా చదువు.

నీ ఉత్తరంలో సగం రాంచందర్ పాటల గురించే ఉంది. మీ నర్సింగ్ కాలేజీలో నీతో పాఠాలు చెప్పే షిల్లాంగు అమ్మాయి ఇంట్లో, ఆమె అన్న కొన్న నల్ల రికార్డు మీద తెలుగు అక్షరాలు చూసి ఆగిపోయానని రాశావు. ‘మూడో సైరన్’. ఆ ఊళ్లో ఇంటికో గిటారు ఉంటుందట కదా, రాక్ పాటలంటే పడి చస్తారట కదా. తెలుగు ఒక్క ముక్క రాని ఆ అన్నాచెల్లెళ్లు ఆ రికార్డును అరిగేలా వింటున్నారనీ, ‘ఇవి మీ దిక్కు పాటలే కదా, అర్థం చెప్పు’ అని అడిగితే నీకు తల కొట్టేసినట్లయిందనీ రాశావు. ‘అవ్వా, మన దిక్కు నుంచి ఇట్లాంటి పాటలు వచ్చినయని నాకు ఎవ్వరు ఎందుకు చెప్పలే?’ అన్నావు. మూడు ప్రశ్నలు వేశావు. ఎవరీ రాంచందర్? రెండో పాటలో ‘యాళ్ల’ అంటే ఏమిటి? ఆఖరి పాటలో మాటలు లేకుండా ఒక ఆడగొంతు వస్తుంది, అది ఎవరిది?

మొదటి రెండింటికి ముందు చెబుతాను.

రాంచందర్ బెల్లంపల్లి మనిషి. బొగ్గుబాయిలో దీపాల గదిలో పనిచేసేవాడు. బాయిలోకి దిగే ప్రతి మనిషీ ఆ గదిలో ఒక దీపం తీసుకుని తలకు పెట్టుకుని దిగాలి, పైకి వచ్చాక మళ్లీ అక్కడే అప్పజెప్పాలి. ఇచ్చేవాడూ తీసుకునేవాడూ రాంచందర్. గిటారు ఆయనకు రైల్వే క్వార్టర్లలో ఉండే ఒక గార్డు నేర్పించాడని చెప్పుకునేవారు. ఆ గార్డు దగ్గరున్న ఇంగ్లీషు రికార్డులు వినీ వినీ, ఈయనకు ఒక ఆలోచన వచ్చిందట. అంత గట్టి వాయిద్యం, అంత కోపం, అంత ప్రేమ ఉన్న పాట మన మాటలో ఎందుకు ఉండొద్దు? అప్పటికి ఆయనకు ముప్పై అయిదు దాటి ఉంటాయి. పాటలు తనే రాసుకున్నాడు, తనే కట్టుకున్నాడు, తనే పాడాడు. డ్రమ్ములకు పెండ్లిళ్లలో బ్యాండు వాయించే సిద్దిరాములును పట్టుకొచ్చాడు. ఎనభై ఆరులో క్యాసెట్టుగా వచ్చింది. అట్ట మీద ఒక ఖాళీ కుర్చీ, దాని మీద వెలుగుతున్న తలదీపం. నువ్వు చూసిన రికార్డు అట్ట మీద కూడా అదే బొమ్మ ఉందని రాశావు. హైదరాబాదులో కొందరు పిల్లలు ఈ మధ్యే మళ్లీ అచ్చు వేశారట.

ఆ పాటలు మొదటిసారి విన్నప్పుడు నాకు ఏమనిపించిందో నీకు ఎట్లా చెప్పాలి? అప్పటిదాకా రేడియోలో వచ్చే పాటల్లో మనుషులు మనలాగా మాట్లాడేవారు కాదు. ఆ పాటలూ బాగుండేవి, నేనూ పాడుకునేదాన్ని. కానీ అవి చుట్టాలింట్లో కూర్చున్నట్టుండేవి, కాళ్లు ముడుచుకుని. రాంచందర్ పాటలో మొట్టమొదటిసారి మన ఇంటి మాట గిటారు పక్కన నిలబడింది. నిలబడి సిగ్గుపడలేదు.

మొదటి పాట విను, అదే క్యాసెట్టు పేరు. మొదలవగానే దూరంగా సైరన్ కూసినట్టుంటుంది. అది సైరన్ కాదు. చిన్న మందు సీసాను గిటారు తీగల మీద అట్లా జార్చుకుంటూ పోయాడు. బెల్లంపల్లిలో ఆ క్యాసెట్టు పెడితే కొందరు ముసలివాళ్లు ఉలిక్కిపడి టైము చూసుకునేవారని అప్పట్లో నవ్వుకునేవారు. ‘మూడో సైరన్ కూసింది, ముద్ద నోట్ల ఆగింది’ అని ఎత్తుకుంటాడు. రాత్రి షిఫ్టుకు పోయే మనిషి బువ్వ ముందు కూర్చున్నాడన్నమాట. ఇక ఆ పాటంతా ఆ ఒక్క ముద్దే. మింగాలా, వదిలి లేవాలా? కష్టం గురించి ఒక్క మాట అనడు. అమ్మో అయ్యో అనడు. కంచంలో బువ్వ చల్లారిపోతుండగా డ్రమ్ములు ఒక్కసారి మీద పడతాయి. అప్పుడు నీకు కోపం వస్తుంది. ఆయన అరవకుండా, మనకు కోపం తెప్పిస్తాడు. ఇది ఎంత కష్టమైన పనో పాడేవాళ్లకు తెలుస్తుంది.

ఇక నీ ‘యాళ్ల’. యాళ్ల అంటే వేళ. ‘యాళ్లకు రా’ అంటే పొద్దుపోకుండా ఇంటికి రమ్మని. ‘ఎంత తెచ్చినవని అడగ, ఏం తెచ్చినవని అడగ, యాళ్లకు రా, గంతే, యాళ్లకు రా.’ బాయికి పోయే మొగుడితో పెండ్లాం అనే మాట. ఆ షిల్లాంగు అమ్మాయికి ఇట్లా చెప్పు. మా దగ్గర ఆడవాళ్లు ‘నువ్వంటే నాకు ప్రేమ’ అని నోరు తెరిచి అనరు, యాళ్లకు రా అంటారు. అంత చిన్న పాటలో ఆయన ఆ మాటను ఎన్నిసార్లు అంటాడో, అన్నిసార్లూ వేరుగా అంటాడు. మొదట నవ్వుతూ, తర్వాత బతిమాలుతూ, ఆఖరున కసురుకుంటూ. గిటారు ఆ మాట వెనకే నడుస్తుంది, గుమ్మం దాకా వచ్చి ఆగిపోతుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది మూడో పాట. ఒంటినిండా బొగ్గు మసితో ఇంటికి వచ్చిన తండ్రిని చూసి చిన్న కొడుకు జడుసుకుంటాడు. ‘నవ్వితె గాని నా కొడుకు నన్ను గుర్తుపట్టలే.’ అంతే. పండ్లు తెల్లగా కనిపించాక గుర్తుపట్టాడు. ఈ ఒక్క మాట కోసం వేరేవాళ్లు నాలుగు చరణాలు రాస్తారు. ఆయన ఆ మాట అని, పక్కకు తప్పుకుని, గిటారుకు వదిలేస్తాడు. ఆ గిటారు పిల్లవాడి నవ్వు లాగా గలగలమని పోతుంది. ఎన్నిసార్లు విన్నా అక్కడ నా ముఖం మీదికి నవ్వు వస్తుంది.

నువ్వు మంచి మాట రాశావు, ఈ పాటలు పాతబడలేదని. ఎందుకు పాతబడలేదో నేనూ ఆలోచించాను. ఆయన ఎవరి కోసమో తయారుచేసి పాడలేదు. ఉద్యోగం చేసుకుంటూ, ఆదివారాలు పాడుకుంటూ, ఉన్నది ఉన్నట్టు పెట్టాడు. క్యాసెట్టు కొన్నాళ్లు బాయిల దగ్గరి క్యాంటీన్లలో, బస్సుల్లో మోగింది. తర్వాత కనబడకుండా పోయింది. ఆయన పెద్ద ఊళ్లకు పోలేదు, సినిమాలకు పోలేదు. దీపాల గదిలోనే రిటైరయ్యాడు. పాట మాత్రం మానలేదు.

ఇప్పుడు అసలు కబురు. నీ ఉత్తరం వచ్చిన వారానికే బస్టాండు గోడ మీద కాగితం చూశాను. కరీంనగర్‌లో రాంచందర్ పాటల సభ, మూడో సైరన్ మొత్తం మొదటి నుంచి చివరి దాకా పాడతాడని. నీ ఉత్తరం చేతిసంచిలోనే ఉంది. కాసేపు అక్కడే నిలబడిపోయాను. ఇంటికి వచ్చి నీ బాపుతో, ‘కరీంనగర్ పోదామా?’ అన్నాను.

‘ఎందుకే?’

‘పాటలు ఇననీకి.’

‘గిటారు పాటలా? మనకేం సమజైతయే?’ అన్నాడు. నేను ఏదైనా అడిగి ఊరుకుంటే ఆయన తట్టుకోలేడు. సాయంత్రానికి తనే, ‘సరే పోదాం తియ్. కావ్య గూడ రాసింది గద’ అన్నాడు.

పోయిన ఆదివారం మధ్యాహ్నం పోయాం. హాలు నిండిపోయింది. జీన్సు ప్యాంట్ల పిల్లలు ఒకవైపు, బెల్లంపల్లి, మంచిర్యాల నుంచి బండ్లు కట్టుకుని వచ్చిన రిటైరైన బాయి పనివాళ్లు ఒకవైపు. రాంచందర్ మెల్లగా నడిచి వచ్చాడు. బాగా సన్నబడ్డాడు. డెబ్బై దాటాయి కదా. స్టూలు మీద కూర్చుని గిటారు ఒళ్లో పెట్టుకున్నాడు. వెనక సిద్దిరాములు కూడా ఉన్నాడు, తల నెరిసిపోయి. రాంచందర్ గొంతు బొంగురుపోయింది బిడ్డా, పాట మాత్రం బొంగురుపోలేదు. పై స్వరాలు అందనిచోట ఆయన తంటాలు పడలేదు, మాటలాగా అనేసి పోయాడు. అది ఇంకా బాగుంది. పడుచువాడు పాడినప్పుడు ‘యాళ్లకు రా’ పెండ్లాం మాట. ఈ వయసులో పాడుతుంటే, పోయినవాళ్లందరినీ పిలుస్తున్నట్టు ఉంది.

నీ బాపు మొదట చేతులు కట్టుకుని కూర్చున్నాడు. మొదటి పాట సగమయ్యేసరికి మడమ ఆడిస్తున్నాడు. నా చెవి దగ్గరికి వంగి, ‘గీ డ్రమ్ముల చప్పుడు మన సాంచె లెక్కనే ఉన్నది గదనే’ అన్నాడు. మూడో పాటలో కొడుకు తండ్రిని గుర్తుపట్టే చోట కండువాతో కండ్లు తుడుచుకున్నాడు. నేను చూడనట్టు ఉన్నాను.

ఆఖరి పాట వచ్చింది. నువ్వు విన్నదే, ‘దీపం అప్పజెప్పిన, పానం తెచ్చుకున్న’. ప్రాణంతో పని దిగి వచ్చినవాళ్లు ఒక్కొక్కరే దీపం అప్పజెబుతుంటారు, దీపాల గదిలో మనిషి ఒక్కొక్కటే కొక్కేనికి తగిలిస్తుంటాడు. అన్నీ తగిలించాక ఒక కొక్కెం ఖాళీగా మిగులుతుంది. అక్కడ మాటలు అయిపోతాయి. ఆ గొంతు వచ్చేది అక్కడే. రాంచందర్ ఆ చోట గిటారు ఆపేశాడు. మైకు దగ్గరికి జరిగి నెమ్మదిగా చెప్పాడు.

‘గిక్కడ ఒక పిల్ల పాడింది. బట్టల మూటల తోటి వచ్చింది, పాడింది, పోయింది. పేరు రాయనియ్యలే. ఎక్కడున్నదో ఇప్పటికి తెల్వదు. అందుకే ఏ స్టేజి ఎక్కినా నేను గీ జాగ ఖాళీగనే పెడుత. ఇంకెవ్వలకు ఇయ్య.’

సిద్దిరాములు ఒక్కడే మెల్లగా డ్రమ్ము మీద కొడుతున్నాడు.

కావ్యా, ఆ ఖాళీ నాది. ఆ గొంతు నాది.

నీకు ఇది ఎట్లా తగులుతుందో నాకు తెలియదు. కాసేపు ఉత్తరం పక్కన పెట్టి చాయ తాగి మళ్లీ చదువు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మా బాపు, అంటే నీ తాత కైలాసం, సాంచాలు నడుపుతూనే, ఆదివారాలు దుప్పట్ల మూటలు కట్టుకుని బెల్లంపల్లి వైపు అమ్మడానికి పోయేవాడు. మా మేనత్త జమున అక్కడే ఉండేది. సెలవుల్లో నేనూ వెంట పోయేదాన్ని. నాకప్పుడు పదిహేడేళ్లు. రాంచందర్ క్యాసెట్టు రికార్డు చేసింది ఏ స్టూడియోలోనో కాదు, అక్కడి క్లబ్బు హాలులో. ఖాళీ హాలు కదా, గిటారు కొడితే నాలుగు గోడల నుంచీ తిరిగి మోగుతోంది. గోడలకు మందపు బట్ట కడితే ఆ మోత చచ్చిపోతుందని రికార్డు చేసే ఆయన చెప్పాడట. దుప్పట్ల కైలాసం ఊళ్లో ఉన్నాడని ఎవరో అంటే మనిషిని పంపారు. మా బాపు, నేను మూటలు మోసుకుని పోయాం. గోడలకు దుప్పట్లు కట్టి, ఊడితే మళ్లీ కట్టడానికి అక్కడే ఓ మూలన కూర్చున్నాం.

ఆఖరి పాటను ఎన్నిమార్లు పాడారో. ఖాళీ కొక్కెం దగ్గరికి రాగానే రాంచందర్ ఆగిపోతున్నాడు. ‘ఈడికి వచ్చినంక నాకు మాట దొరుకుతలే’ అని తల పట్టుకున్నాడు. నాకు మా మేనత్త గుర్తొచ్చింది. ఆమె భర్త ఒకనాడు బాయి నుంచి తిరిగి రాలేదు. ఆ తర్వాత మేనత్త అందరి ముందూ ఏడ్చేది కాదు. బట్టలు మడతపెట్టేటప్పుడు మాత్రం నోరు మూసుకునే ఒక రాగం తీసేది. అందులో మాటలు ఉండవు. ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ ఆగుతుందో తెలియదు. ఆ పూట దుప్పటి ఒకటి ఊడిపడితే మడతపెడుతూ నాకు తెలియకుండానే ఆ రాగం ఎత్తుకున్నాను. సాంచాల మోతలో పాడుకుని పెరిగిన గొంతు కదా, మెల్లగా అనుకున్నది కూడా హాలంతా వినబడింది.

రాంచందర్ లేచి నా దగ్గరికి వచ్చాడు. ‘బిడ్డా, గదే మళ్ల ఒక్కసారి అను’ అన్నాడు. నేను మా బాపు దిక్కు చూశాను. బాపు తల ఊపాడు. ఒక్కసారే పాడాను. అదే క్యాసెట్టులోకి పోయింది. అదే నువ్వు విన్నది.

పేరేమిటని అడిగితే మా బాపు నాకన్నా ముందే, ‘పెండ్లి గావాల్సిన పిల్ల సార్. క్యాసెట్ మీద పేరెందుకు? పాట ఉంచుకోండ్రి, పేరు వద్దు’ అన్నాడు. నీ తాత మీద కోపం పెట్టుకోకు. ఆయన భయం ఆయనది. ఆ క్యాసెట్టును మాత్రం పోయేదాకా తన దగ్గరే పెట్టుకున్నాడు. ఒక్క ఆఖరి పాటే తిప్పి తిప్పి వినేవాడని మా అవ్వ తర్వాత చెప్పింది.

పెండ్లయి ఇక్కడికి వచ్చాక మొదట భయంతో చెప్పలేదు. తర్వాత అలవాటుతో చెప్పలేదు. ఆ తర్వాత చెప్పడానికి ఒక వంక కూడా దొరకలేదు. కూర వండుతూ, ‘ఇగో, నేనొకసారి క్యాసెట్టులో పాడాను’ అని ఎట్లా మొదలుపెట్టాలి? ఒక్కసారి మాత్రం నోటిదాకా వచ్చింది. నీకు అప్పుడు ఏడాది నిండలేదు. కొండగట్టులో నీ పుట్టువెంట్రుకలు తీయించి, చుట్టాలింటి పెండ్లికని అటు నుంచే లక్సెట్టిపేట బస్సెక్కాం. డ్రైవరు ఆ క్యాసెట్టు పెట్టాడు. రాయపట్నం వంతెన మీద, కింద గోదావరి నిండుగా పోతుండగా, నా గొంతు బస్సంతా మోగింది. వెనక సీట్లో ఒక ముసలామె, ‘ఎవ్వలో గని, కడుపుల చెయ్యి వెట్టి దేవినట్టు పాడింది’ అన్నది. నీ బాపు కిటికీకి తల ఆనించి నిద్రపోతున్నాడు. నువ్వు నా ఒళ్లో మెలకువగా ఉన్నావు, కండ్లు ఇంతింత చేసుకుని. కాబట్టి ఆ పాట నువ్వు మొదట విన్నది షిల్లాంగులో కాదు బిడ్డా.

సరే, కరీంనగర్ హాలు సంగతికి వస్తాను. ఆ ఖాళీలో నా పెదవులు కదిలాయి, గొంతు పైకి రాలేదు. కండ్ల నుంచి మాత్రం నీళ్లు ఆగలేదు. ‘ఎందుకే ఏడుస్తున్నవ్?’ అన్నాడు నీ బాపు. ‘పాట మంచిగున్నది’ అన్నాను. సభ అయిపోయింది. అందరూ తలుపు వైపు పోతుంటే నేను స్టేజి వైపు నడిచాను. నీ బాపు, ‘అటెటు పోతున్నవే, బస్సు పోతది’ అనుకుంటూ వెనకే వచ్చాడు.

రాంచందర్ స్టేజి వెనక కుర్చీలో కూర్చుని మంచినీళ్లు తాగుతున్నాడు. చుట్టూ వైర్లు చుడుతున్నారు. నేను దండం పెట్టాను.

‘ఏందమ్మా?’ అన్నాడు.

‘సార్, నేను దుప్పట్ల కైలాసం బిడ్డను’ అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూశాడు. గుర్తుపట్టలేదు. ‘ఏ కైలాసం అమ్మా?’

ఇక చెప్పి లాభం లేదనుకున్నాను. అక్కడే నిలబడి ఆ రాగం ఎత్తుకున్నాను. ఇన్నేళ్ల తర్వాత, పరాయి మనుషుల మధ్య, నీ బాపు వింటుండగా. సగం దాకా పోయింది. పైకి ఎక్కే చోట గొంతు చీలిపోయి ఆగింది. వైర్లు చుట్టేవాళ్లు చుట్టడం ఆపేశారు. రాంచందర్ చేతిలో గ్లాసు పక్కన పెట్టి, కుర్చీ చేతులు పట్టుకుని లేచి నిలబడ్డాడు.

‘ఎక్కడికి పోయినవ్ బిడ్డా?’ అన్నాడు. అంతే అన్నాడు.

‘గొంతు పోయింది సార్. పైకి ఎక్కుతలేదు’ అన్నాను.

‘నాకు మాత్రం ఎక్కుతున్నదా? ఫికర్ చెయ్యకు, పాటనే జర కిందికి దించుదాం’ అన్నాడు. గిటారు తెమ్మన్నాడు. తీగలు వదులు చేసి, ఒకసారి మీటి, ‘గిప్పుడు అను’ అన్నాడు. కింది స్వరంలో ఎత్తుకున్నాను. ఈసారి చివరిదాకా పోయింది. పదిహేడేళ్లప్పటి గొంతు కాదు అది. బరువుగా, మా మేనత్త గొంతులాగా ఉంది. నిజానికి ఆ రాగానికి సరిపోయేది ఈ గొంతే కావచ్చు. సిద్దిరాములు వచ్చి నా తల మీద చెయ్యి పెట్టి పోయాడు.

వచ్చే నెల మంచిర్యాలలో సభ ఉందట. ‘ఆ జాగ నీకే ఉంచిన. వచ్చి నిలబడు’ అన్నాడు రాంచందర్. నేను ఆలోచించుకుంటానని కూడా అనలేదు. ‘వస్త సార్’ అన్నాను. అన్నాక నీ బాపు దిక్కు చూశాను. ఆయన నేల చూస్తున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నీ బాపు కిటికీ దిక్కే చూస్తూ కూర్చున్నాడు. వేములవాడ దాటాక, ‘నాకు ఎందుకు చెప్పలే?’ అన్నాడు. ‘మీ ఇంట్ల ఏమంటరో అని’ అన్నాను. ‘నేనేమన్న అన్ననా ఎన్నడన్న?’ అన్నాడు. అనలేదు. అందుకే నాకు ఇంకా బాధయింది.

మరునాడు నాయనమ్మకు నేనే చెప్పాను. ఇన్నేళ్లూ నేను జడిసింది ఆమెకే కదా. ఆమె అంతా విని, శాలువా సర్దుకుని, ‘గంత గొంతు పెట్టుకొని ఇన్నేండ్ల సంది మంగళారతుల కాడ గొంతు కలపకపోతివి గదనే. నేనొక్కదాన్నే అరిసి సస్తి’ అని అలిగింది. రెండు పూటలు నాతో మాట్లాడలేదు. నేను ఏ మాటకు భయపడి ఇంతకాలం నోరు కట్టుకున్నానో ఆ మాట ఎవరూ అననే లేదు బిడ్డా.

నీ బాపు బుధవారం దాకా ముభావంగానే ఉన్నాడు. ఆ మధ్యాహ్నం అన్నం తీసుకుని షెడ్డుకు పోయాను. నన్ను చూసి ఒక్కొక్క సాంచె దగ్గరికీ పోయి బంద్ చేశాడు. పని దినాన, పట్టపగలు షెడ్డు అంత నిశ్శబ్దంగా ఉండడం నేనెప్పుడూ చూడలేదు. పక్క షెడ్డు ఆయన వచ్చి కరెంటు పోయిందా అని అడిగిపోయాడు. నీ బాపు ఒక బట్ట తాను మీద కూర్చుని అన్నాడు.

‘నువ్వు గీ షెడ్డుల పనిచేస్తున్నప్పుడు నోట్ల నోట్ల ఏదో అనుకుంటనే ఉంటవ్. పెదాలు ఆడుడు చూస్తనే ఉన్న. సాంచాల చప్పుడుకు ఒక్కనాడు ఇనకపోతిని. గిప్పుడు పాడు, నేనింట.’

పాడాను. కింది స్వరంలో, తొందర లేకుండా. ఆయన కండ్లు మూసుకుని విన్నాడు. అయిపోయాక, ‘ఇంకొక్కసారి’ అన్నాడు.

అన్నం చల్లారిపోయింది.

ఇదీ సంగతి. ఇప్పుడు రోజూ మధ్యాహ్నం కాసేపు సాధన చేస్తున్నాను. నాయనమ్మ అలక తీరి, శొంఠి కషాయం కాచి ఇస్తోంది, తాగకపోతే తిడుతోంది. భయం లేదని చెప్పను. స్టేజి మీద ఎప్పుడూ నిలబడలేదు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియదు. కానీ రాంచందర్ లాంటి మనిషి ఇన్నేళ్లు ఒక చోటు ఖాళీగా పెట్టాడంటే, ఇంకా దాక్కోవడం ఆ పాటను అవమానించినట్టు అవుతుందని అనిపిస్తోంది. ఒక మనిషి తన జీవితంలో ఇంత నికార్సయిన పనిని ఒక్కటి చేస్తే చాలు. ఆ పనిలో ఒక పక్క నా నీడ కూడా పడింది. ఆ సంతోషం నాకు ఇప్పుడే ఒంటికి పడుతోంది.

సెలవు దొరికితే రా. దొరకకపోతే పరేషాన్ కావద్దు, నేను పాడటం మాత్రం ఖాయం. వస్తే ఆ షిల్లాంగు అమ్మాయినీ తీసుకురా, మన ఇంట్లోనే ఉంటుంది. హాలులో ముందు వరుసలో మాత్రం కూర్చోకండి. నిన్ను ఎదురుగా చూస్తే నా గొంతు నా మాట వినదు. అయిదారు వరుసల వెనక, చీకట్లో, నీ బాపు పక్కన కూర్చో. అక్కడున్నావని తెలిస్తే చాలు.

ఇట్లు
నిన్ను ఎప్పుడూ కండ్ల ముందే పెట్టుకునే
నీ అవ్వ,
మంజుల